గవాచి అంటే కిటికీ కాదు

1955 ఏప్రిల్, రెండో మంగళవారం, ఉదయం.

కడప నుంచి వేంపల్లె పోయే దారిలో కొత్త కాలేజీ ఆవరణ. హాస్టలు మొదటి వరుస, ఉత్తరం కొస గది.

హాజరు: ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు సోమయాజులుగారు, భూమి ఇస్తానన్న ఓబుల్ రెడ్డిగారు, ప్రిన్సిపాలు కాబోతున్న యోహానుగారు, తాపీమేస్త్రి ఖాదర్, ఓవర్సీరుగా నేను.

డైరీలో ఇంతవరకు తీరిగ్గానే రాసుకున్నాను. ఆ తర్వాత రోజంతా కలం పట్టే వీలు దొరకలేదు. ఇంజనీరింగు చదివి కొత్తగా పనిలో చేరే పిల్లలు ఎండ సీమలో విద్యాలయం ఎలా కట్టాలని నన్ను అడుగుతుంటారు. లెక్కలకు పుస్తకాలున్నాయి. నేను చెప్పగలిగింది ఆ మంగళవారం సంగతి.

భూమి దాతది, కట్టడం ప్రభుత్వానిది. ఇప్పటికి కాలేజీ, ముందు ముందు విశ్వవిద్యాలయం. అందరూ అనుకున్నది ఇదీ. ఆ రోజుల్లో పెద్దమనిషి నోటిమాట మీదనే పునాదులు లేచేవి. ఓబుల్ రెడ్డిగారు దానపత్రం ఇంకా రాయలేదు కానీ గోడలు లేచాయి, దూలాలు ఎక్కాయి, వాటి మీద కడప బండలు పరిచారు. బండల పైన సున్నపు గచ్చు వేయడం మిగిలింది. వచ్చే సోమవారం విశ్వవిద్యాలయం కమిటీ చూడటానికి వస్తుంది. భూమి కాలేజీ పేరున ఉన్నట్టు చూపిస్తే ఈ ఏడే తెరవవచ్చు. చూపించలేకపోతే లేదు. యోహానుగారు కోయిలకుంట్ల దగ్గర హైస్కూలు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, భార్యాబిడ్డలతో కడపలో అద్దె ఇంట్లో దిగి ఉన్నారు.

ఓబుల్ రెడ్డిగారు గది మధ్యన నిలబడి పైకి చూశారు. నాలుగు మూలలూ చూశారు. మళ్ళీ పైకి చూశారు.

"అంతా బాగుండాది. గవాచి యాడప్పా?"

సోమయాజులుగారు నవ్వుతూ పడమటి గోడ చూపించారు. ఆ గోడకు తలుపంతేసి కిటికీలు రెండున్నాయి. రెక్కలు ఇంకా బిగించలేదు. "గదికి ఒకటి అడిగారు. నేను రెండు పెట్టించాను."

"ఇవి కిటికీలు సామీ."

"గవాక్షం అన్నా కిటికీ అన్నా ఒకటే కదండీ."

"గవాక్షం సంగతి నాకు తెల్దు. నేనడిగింది గవాచి."

ఖాదర్ మేస్త్రి తువాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. నాకు నవ్వు రాలేదు. ఆ ఒక్క క్షణంలో జరిగిన పొరపాటు మొత్తం అర్థమైపోయింది.

గోడకొకటి, కప్పుకొకటి

సోమయాజులుగారిది గోదావరి డెల్టా. ఆయన ఊళ్ళో గవాక్షం అంటే గోడలోని కిటికీ. పుస్తకాల్లోనూ అంతే. మా సీమలో మట్టిమిద్దె కట్టేటప్పుడు కప్పులో మనిషి తల పట్టేంత కంత వదులుతారు. దాన్ని గవాచి అంటారు. అందులోంచి వెలుతురు దిగుతుంది, పొగా వేడీ పైకెక్కి పోతాయి. వాన వస్తే మిద్దెక్కి బండతో మూస్తారు. రెండు మాటలూ ఒక తల్లి బిడ్డలే అయివుండాలి. ఒకటి గోడలో ఉండిపోయింది, రెండోది కప్పెక్కింది.

ఓబుల్ రెడ్డిగారు భూమి మాట ఇచ్చిన రోజు నేను అక్కడ లేను. ఆయన ఒకే ఒక్క కోరిక కోరారట, పిల్లలుండే ప్రతి గదికీ గవాచి ఉండాలని. ఆ కోరిక కర్నూలులో మా ఆఫీసుకు చేరేసరికి గవాక్షం అయింది. అప్పటి రాజధాని కర్నూలు. ఆఫీసులు చాలావరకు గుడారాల్లో నడిచేవి. మా డ్రాయింగు బల్ల కూడా ఒక గుడారంలోనే ఉండేది. మధ్యాహ్నం గుడ్డ కింద కూర్చుంటే సిరా పాళీ మీదనే ఆరిపోయేది. సోమయాజులుగారు చొక్కా విప్పి, బనీనుతో కూర్చుని ఈ హాస్టలు గీశారు. "మనం పడుతున్న బాధ ఆ పిల్లలు పడకూడదయ్యా. గాలి ఆడాలి" అనేవారు. ఆ మాటలో కల్ల లేదు. ఆయన మంచి పనిమంతుడు, నిజాయితీపరుడు. కింది ఉద్యోగి భోజనం చేశాడో లేదో కనుక్కున్న పై అధికారిని ఆయన్నొక్కరినే చూశాను. అయితే ఆయనకు గాలి అంటే సాయంత్రం నీళ్ళ మీద నుంచి వచ్చేది. పొలం ఖాళీగా ఉన్న వైపు కిటికీ తెరిస్తే చల్లబడుతుందని ఆయన నమ్మకం. ఇక్కడ ఖాళీగా ఉన్నది పడమటి వైపు.

మీరు కొత్త ఊళ్ళో పనికి దిగినప్పుడు ముందు ఆ ఊరివాళ్ళు ఇంటి భాగాలను ఏమని పిలుస్తారో, ఒక్కొక్కదాన్నీ చేత్తో తాకించి అడగండి. మాట తెలిసినట్టే ఉంటుంది. అక్కడే దెబ్బ తింటాం.

పందెం

నేను అడ్డుపడి ఇద్దరికీ సంగతి విప్పి చెప్పాను. చెబితే సర్దుకుంటుంది అనుకున్నాను. ఇంకా ముదిరింది.

"పొగ పోయే కంతలు వంటింటికి కావాలి. ఇది కాలేజీ" అన్నారు సోమయాజులుగారు.

"పడమటి గాలికి వాకిలి తెరిచి పెడ్తివే సామీ. ఎండాకాలం ఆ గాలి పొయ్యిలోంచి వచ్చినట్టొస్తాది."

"అటంతా మైదానం. గాలి బాగా ఆడుతుంది."

"ఆడతాది, ఆడతాది. పిల్లోళ్ళ పానాలతోనే ఆడతాది."

సోమయాజులుగారి ముఖం ఎర్రబడింది. "మంజూరైన నక్షా ఇది. మార్చే అధికారం నాకు లేదు. రేపు పొద్దున గచ్చు మొదలవుతుంది."

"అట్లనా? గవాచి లేని గదులకు నా భూమి రాసియ్యను. నీ గోడలు నువ్వు ఎత్తుకొని కర్నూలు పో."

యోహానుగారు ఇద్దరి మధ్యకూ వచ్చి ఏదో అనబోయారు. ఓబుల్ రెడ్డిగారు ఆయన వైపు చూసి, కొంచెం తగ్గి, ఇంజనీరుగారితో అన్నారు: "ఒక మాట చెప్తా ఇను. నువ్వు గీసిన గదిలో నువ్వే ఒక్క మధ్యాన్నం కూసో. పొద్దుగూకేదాకా కూసున్నావంటే గవాచి మాట మళ్ళీ ఎత్తను, రేపే కడపకొచ్చి రాసిస్తా. నేను పక్క గదిలో కూసుంటా. ఆ గదికి కిటికీలు మూపిచ్చి, పైన ఒక బండ తీపిచ్చండి. ఎవురు ముందు బైటికొస్తే వాళ్ళు ఓడినట్టు."

నేను వద్దని తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాను. సోమయాజులుగారు నా వైపు చూడకుండా, "సరే" అన్నారు.

ఖాదర్ మేస్త్రి తిరగబడ్డాడు. "నేను కట్టిన కప్పుకు నేనే కంత పెట్టాల్నా? రేపు కారిందంటే ఖాదర్ కట్టిన మిద్దె కారతాండాదంటారు. నాకు ఇజ్జత్ ఉండాది సాబ్."

"గచ్చు పడలేదు కదా మేస్త్రీ. బండ పక్కకు జరుపు, రేపు మళ్ళీ పెట్టు" అన్నాను.

"జరపడమూ పెట్టడమూ పాన్‌దాన్ మూతనా?" అని సణుగుతూనే మనుషులను పైకెక్కించాడు. రెండో గది కిటికీలకు బండలు నిలబెట్టి, సందుల్లో తడి గోనెలు కుక్కారు. తూర్పున వరండా వైపు తలుపు మాత్రం తెరిచి ఉంచాం. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇద్దరూ చెరొక గదిలో కుర్చీ వేసుకున్నారు. సోమయాజులుగారు తలుపు వేయించుకున్నారు. గాలి కిటికీలోంచే రావాలి, దొడ్డిదారిన వచ్చిన గాలితో గెలిచారన్న మాట తనకు అక్కరలేదన్నారు.

వరండాలో

నేనూ యోహానుగారూ వరండాలో కూర్చున్నాం. ఆయన చేతులు మోకాళ్ళ మధ్య బిగించుకుని ఉన్నారు.

"ఎవరు గెలవాలని ప్రార్థన చేయాలో తెలియడం లేదు ఓవర్సీరుగారూ. ఇంజనీరుగారు గెలిస్తే రేపు భూమి వస్తుంది, కాలేజీ తెరుచుకుంటుంది. ఆ గదుల్లో మా పిల్లలు మాడిపోతారు. రెడ్డిగారు గెలిచినా ఇంజనీరుగారికి నక్షా మార్చే అధికారం లేదు. అప్పుడు భూమీ రాదు, కాలేజీ తెరుచుకోదు."

ఆయన సొంత ఇంటికి గవాచి ఉండేదా అని అడిగాను.

"మాకు మిద్దె యాడిదప్పా? ఊరిబైట వాడలో, బోదగడ్డి కొట్టంలో పుట్టినా" అని నవ్వారు. అంతసేపూ పుస్తకంలో మాట్లాడినట్టు మాట్లాడిన మనిషి ఆ ఒక్క వాక్యం ఊరి మాటలో అన్నారు. "కొట్టం చల్లగా ఉండేది. నిప్పు భయమే."

ఎదురుగా హాస్టలు నుంచి తరగతి గదుల దాకా నల్లబండలు పరిచిన బాట మెరుస్తోంది. తిన్నగా, వెడల్పుగా, మద్రాసులో కాలేజీలకు ఉన్నట్టు ఉండాలని గీసిన బాట. యోహానుగారు చెప్పులు విప్పి ఆ బాట మీద కాలు పెట్టి, వెంటనే వెనక్కి లాక్కున్నారు.

"ఆలూరు వైపు నుంచీ, ఇటు పల్లెల నుంచీ వచ్చే పిల్లల్లో సగం మందికి చెప్పులుండవు. మీ నక్షాలో అందరికీ బూట్లున్నట్టున్నాయి."

నాది ఆలూరే. నేనూ వట్టికాళ్ళతో బడికి పోయినవాణ్ణే. ఆ బండలు పరిపించింది కూడా మేమే.

పొద్దు వాలేకొద్దీ పడమటి గాలి లేచింది. దుమ్ము, ఎండుగడ్డి, సెగ. వరండాలో ఉన్న మాకే కళ్ళు మండాయి. నేను లేచి రెండు గదుల్లోకీ తొంగి చూశాను. ఓబుల్ రెడ్డిగారు కుర్చీలో వెనక్కి వాలి ఉన్నారు. చెమట పట్టి ఉంది, పాగా మీద కప్పులోంచి రాలిన మన్ను ఉంది. "మీ గవాచి మన్ను పోస్తాండాదే" అంటే, "మన్నే గదా, నిప్పులు కాదు" అన్నారు. అక్కడ హాయి ఏమీ లేదు. భరించవచ్చు, అంతే.

పక్క గదిలో ఎండ రెండు కిటికీల్లోంచి నేరుగా కుర్చీ మీదికే వస్తోంది. సోమయాజులుగారు కుర్చీ జరుపుకోలేదు. ఒళ్ళో ఫైలు, చేతిలో పెన్సిలు. చొక్కా తడిసి వీపుకు అతుక్కుపోయింది. నీళ్ళిచ్చాను, తాగారు. లేవమంటే చేత్తో వద్దన్నారు.

మళ్ళీ వెళ్ళేసరికి చొక్కా ఆరిపోయింది. నుదుటి మీద చెమట చుక్క లేదు. చర్మం తాకితే కాలుతోంది. ఆయన నన్ను చూసి, "గట్టు మీద గడ్డి కోయించారా?" అన్నారు. మనసు గోదావరి గట్టు మీదికి పోయింది.

ఎండలో పని చేయించేవాళ్ళకు నేను చెప్పేది ఇదొక్కటే. చెమట పడుతున్నంతసేపు మనిషి మన చేతిలో ఉన్నట్టు. ఆగిపోతే క్షణం ఆలస్యం చేయకూడదు.

"సార్, లేవండి" అని రెక్క పట్టుకున్నాను. విదిలించుకున్నారు. పెద్ద మనిషి, ఆ స్థితిలోనూ బలం తగ్గలేదు. నేను అరిచాను. యోహానుగారు పరుగెత్తుకొచ్చారు. ఆయనకంటే ముందు ఓబుల్ రెడ్డిగారు వచ్చారు.

"లే సామీ. నీ పందెం గంగలో కలవ. లే!"

ముగ్గురం ఎత్తి పక్క గదిలో కంత కింద చల్లటి నేల మీద పడుకోబెట్టాం. ఓబుల్ రెడ్డిగారు తన పాగా విప్పి, కడవలో ముంచి, ఆయన ఒంటి మీద పరిచారు. ఖాదర్ అట్టముక్కతో విసిరాడు. "యా అల్లా, యా అల్లా" అంటూనే ఉన్నాడు. యోహానుగారు కాళ్ళు పట్టుకుని కూర్చున్నారు. ఆ కాసేపట్లో కాలేజీ గురించి గానీ భూమి గురించి గానీ ఎవరూ అనుకోలేదు. ఈ మనిషి కళ్ళు తెరిచి మమ్మల్ని గుర్తుపడతాడా అన్నదొక్కటే.

వానొస్తే?

చాలాసేపటికి ఆయన కళ్ళు తెరిచారు. నన్ను పేరుపెట్టి పిలిచారు. తర్వాత ఆయన ఓబుల్ రెడ్డిగారి వైపు చూశారు.

"మీరే ముందు బయటికొచ్చారు."

"అవు సామీ, వచ్చినా. నువ్వే గెల్చినావు. రేపు రాసిస్తా. ముందు బతుకు."

అక్కడితో ముగిసేది. నక్షా నిలిచేది, గచ్చు పడేది, పిల్లలు ఆ గదుల్లో ఉండేవారు. సోమయాజులుగారు వెల్లకిలా పడుకుని కప్పులోని కంతను చూస్తూ ఉండిపోయారు. అందులోంచి వేడి పైకి పోవడం కంటికి కనిపిస్తున్నట్టే ఉంది. దుమ్ము రేణువులు మెల్లగా తిరుగుతూ ఎక్కిపోతున్నాయి.

"వానొస్తే ఏం చేస్తారు?" అని అడిగారు.

"పైకెక్కి బండ మూస్తారు."

"ఎవరు?"

"ఇంట్లో ఎవురో ఒకరు ఉంటారు గదా. ఆడోళ్ళు గానీ..." ఓబుల్ రెడ్డిగారు ఆగిపోయారు.

"ఇక్కడ పగలు ఎవరూ ఉండరు. పిల్లలు తరగతుల్లో ఉంటారు. పక్కలు, పుస్తకాలు తడిసిపోతాయి."

ఓబుల్ రెడ్డిగారు ఖాదర్ వైపు చూశారు. ఖాదర్ నా వైపు చూశాడు. మా మిద్దెల్లో గవాచి పని చేసింది ఇంట్లో ఎప్పుడూ ఒక మనిషి ఉండబట్టి. మేమందరం ఆ మనిషిని లెక్కలో వేసుకోకుండానే గవాచి, గవాచి అని పట్టుబట్టాం.

సోమయాజులుగారు సుద్దముక్క అడిగారు. పక్కకు ఒత్తిగిల్లి నేలబండ మీద గీశారు. కంత చుట్టూ జానెడు ఎత్తున కట్ట. నాలుగు మూలలా నాలుగు రాతి ముక్కలు. వాటి మీద కంతకంటే వెడల్పైన బండ. మూయనక్కర్లేదు, తీయనక్కర్లేదు. వేడి పక్కల నుంచి పోతుంది, వాన లోపల పడదు. పడమటి కిటికీలను మూసేసి, తూర్పున వరండా నీడలో, మోకాలి ఎత్తున గాలికి దారి ఇమ్మన్నారు.

ఖాదర్ వంగి చూశాడు. "గవాచికి టోపీ పెట్టినట్టుండాది సాబ్. ఇది కారదు. ఇట్లయితే కంత నేనే పెడ్తా."

"మరి మంజూరు, సార్?" అన్నాను.

"పైవాళ్ళకు నేను జవాబు చెప్పుకుంటాను. గచ్చు ఆపించు."

ఆ జవాబు చెప్పుకోవడం ఆయనకు తేలిక కాలేదు. ఆయన మాత్రం ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు.

ఆ ఆవరణలో తర్వాత కట్టినవన్నీ ఆ సుద్దగీత నుంచే వచ్చాయి. రెండో వరుస నుంచి పొడవాటి గోడలను ఉత్తరానికీ దక్షిణానికీ తిప్పాం. పడమటికి మెట్లు, సామాను గదులు పెట్టాం. కట్టడాలను దూరదూరంగా విసిరేయకుండా ఒకదాని నీడ ఇంకొకదాని మీద పడేలా దగ్గరకు తెచ్చాం. నల్లబండల బాట లేపించి, మన్నుబాటకు ఇరువైపులా కానుగలు పెట్టించాం. ఫోటోలో పాత బాటే బాగుండేది. నా తర్వాత వచ్చినవాళ్ళు చాలామంది ఫోటోకు కట్టారు. ఎండ దేశంలో అద్దాల గోడలు పెట్టి, ఆనక ఆ అద్దాలకు తెరలు కట్టి, తెరల వెనక దీపాలు వేసుకుని కూర్చునే కట్టడాలను చూస్తున్నాను. అవి గీసినవాళ్ళు తాము గీసిన గదిలో ఒక్క ఏప్రిల్ మధ్యాహ్నం కూర్చోలేదని చెప్పగలను. సోమయాజులుగారు కూర్చున్నారు. తప్పు గీశారు, దాని కింద తనే కూర్చున్నారు. అంతటి పై అధికారి నాకు మళ్ళీ దొరకలేదు.

మర్నాడు ఉదయం

డాక్టరు వద్దన్నా వినకుండా సోమయాజులుగారు కడప రిజిస్ట్రారు ఆఫీసుకు వచ్చారు. ముఖం ఇంకా పాలిపోయే ఉంది. ఓబుల్ రెడ్డిగారు అప్పటికే బల్ల మీద కూర్చుని ఉన్నారు. గవాచి షరతు దానపత్రంలో ఉండాలని అడిగారు. సోమయాజులుగారు ఒప్పుకున్నారు.

దస్తావేజు రాసే పెద్దమనిషి గొంతు సవరించుకుని, రాసింది చదివాడు: "ప్రతి గదికిని గవాక్షములు అమర్చవలయును..."

"ఆపండి" అన్నారు సోమయాజులుగారు. "అది కొట్టేసి గవాచి అని రాయండి."

"అది పామరుల మాటండి. దస్తావేజులో బాగుండదు."

"ఆ బాగున్న మాటకు నిన్న నా ప్రాణం పోయేది. గవాచి అనే రాయండి. కప్పులో అని కూడా రాయండి."

ఓబుల్ రెడ్డిగారు నవ్వి, సంతకం పెట్టారు. సాక్షిగా యోహానుగారిని పిలిచారు. ఆయన అంతసేపూ గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నారు. దగ్గరకు వచ్చి, నిలబడే వంగి కలం అందుకున్నారు. కాలేజీ తెరుచుకుంటుందన్న మాట మీద ఇంకా నమ్మకం కుదిరినట్టు లేదు.

ఓబుల్ రెడ్డిగారు బల్ల మీద పక్కకు జరిగారు.

"కూసోప్పా. నిలబడి పెడితే సంతకం వంకరపోతాది."

బయట వరండాలో ఓబుల్ రెడ్డిగారి ఊరి మనుషులు నలుగురైదుగురు నిలబడి చూస్తున్నారు. యోహానుగారు ఒకసారి వాళ్ళ వైపు, ఒకసారి బల్ల వైపు చూశారు. కూర్చున్నారు. మోచెయ్యి ఓబుల్ రెడ్డిగారి మోచేతికి తగులుతుండగా, నిదానంగా, పూర్తి పేరు రాశారు.